పగలు కొలువు, రాత్రి చదువు

ఉద్యోగము మానకుండ వాణిజ్యశాస్త్రమునందో, వ్యాపార నిర్వహణమునందో పట్టము పొందగోరువారు నేడు మన పట్టణములలో వేలకొలదిగా నున్నారు. బ్యాంకు గుమాస్తా, మందుల కంపెనీలో లెక్కలు చూచు యువతి, ప్రభుత్వ కార్యాలయమున పదోన్నతికై యెదురుచూచు సీనియరు అసిస్టెంటు, వీరందరి చిక్కు ఒక్కటే. పట్టము లేనిదే పైమెట్టు దొరకదు. జీతము లేనిదే ఇల్లు గడువదు. సాయంకాలపు తరగతులని ఒక సంస్థ, శని ఆదివారములని మరియొకటి, ఇంటికే పాఠములు పంపెదమని ఇంకొకటి ప్రకటించుచున్నవి. ఏ ప్రకటన చూచినను చదువు నల్లేరుపై బండివలె సాగిపోవునట్లే యుండును.

ఈ చిక్కు మన తరమువారికే కలిగినది కాదు. రెండువందల యేండ్లుగా గుమాస్తాలు దీనితో కుస్తీ పట్టుచునే యున్నారు. నేడు మన యెదుటనున్న పద్ధతులలో ప్రతిదానికిని ఒక పుట్టుక కలదు. ఎవరి యవసరమునకై యది పుట్టినదో తెలిసినచో, మనకది యొదుగునో యొదుగదో కొంతవరకు ముందుగనే చెప్పవచ్చును. ఆ పుట్టుకలు వెదుకుటకు మొదట లండను నగరమునకు పోవలెను.

జార్జి బర్క్‌బెక్ అను వైద్యుడు యౌవనమున గ్లాస్గో నగరమునందు ఆండర్సన్ విద్యాసంస్థలో ఆచార్యుడుగా నుండెను. తన పాఠములకు కావలసిన యొక యంత్రపు నమూనా చేయించుటకై ఆయన రేకుపని చేయువాని దుకాణమునకు పోగా, అచ్చటి పనివారు పని ఆపి, ఇది దేనికి, ఎట్లు తిరుగును అని ప్రశ్నలపై ప్రశ్నలు వేసిరట. ఇంత కుతూహలము గలవారికి చెప్పువారెవ్వరును లేరుగదా యని తలచి ఆయన 1800 ప్రాంతమున శ్రామికులకు ఉచితముగా ఉపన్యాసము లిచ్చుట మొదలుపెట్టెను. తరువాత లండను చేరిన పిదప, 1823లో, స్ట్రాండ్ వీధిలోని క్రౌన్ అండ్ యాంకర్ అను పానశాలలో జరిగిన పెద్ద సభయందు పనివారి విద్యాలయము స్థాపించుటకు తీర్మానము జరిగెను. రాత్రి కళాశాల పానశాలలో పుట్టుట వింతగా తోచును గాని, ఆ కాలమున సామాన్యులు అంతమంది కూడుటకు అంతకన్న అనువైన శాల ఎక్కడ దొరకును? 1830లోనే ఆ సంస్థ స్త్రీలను చేర్చుకొనెను. అదియే నేటి బర్క్‌బెక్ కళాశాల.

స్థాపకులు తలచినది యంత్రకారులను. కొన్ని దశాబ్దములలో బల్లలపై కూర్చున్నవారిలో కార్యాలయ గుమాస్తాలు ఎక్కువైరి. ఇంగ్లండు దేశమున ఇట్టి సంస్థలు పెక్కింటికి ఇదే గతి పట్టినది. కారణము స్పష్టము. లండనులో బ్యాంకులు, భీమా సంఘములు, రైలు కంపెనీలు, ఓడల వర్తకము నానాటికి పెరుగుచుండగా, జాబులు వ్రాయువారు, జమాఖర్చులు పెట్టువారు, ఫ్రెంచి జర్మను భాషలు చదువగలవారు కావలసివచ్చిరి. పిట్మన్ సంక్షిప్తలేఖనము 1837లో వెలువడినది. విశ్వవిద్యాలయములు ఈ విద్యలను తమ గడప తొక్కనీయలేదు. కాబట్టి గుమాస్తా తన చదువును తానే, తన రాత్రులలో, తన డబ్బుతో సమకూర్చుకొనవలసివచ్చెను. వాణిజ్యవిద్యకు మొదటి పోషకుడు ఆ గుమాస్తాయే యని నేననుకొందును. తరువాత వచ్చిన ధర్మదాతల పేర్లు భవనములపై నున్నవి. వాని పేరు ఎచ్చటను లేదు.

రెండవ మార్గము 1858లో తెరువబడినది. అంతవరకు లండను విశ్వవిద్యాలయ పట్టపరీక్షకు కూర్చుండవలెనన్న, గుర్తింపుగల కళాశాలలో చదివినట్లు ధ్రువపత్రము చూపవలసి యుండెను. ఆ యేటి రాజశాసనము ఆ నిబంధనను చాలవరకు తొలగించెను. ఎచ్చట చదివితివి, ఎవరివద్ద చదివితివి అను ప్రశ్న లేదు. ప్రవేశపరీక్షలో నెగ్గి, రుసుము చెల్లించి, పట్టపరీక్షలో నెగ్గినచో పట్టము వచ్చును. 1865లో మారిషస్ ద్వీపమునందును ఈ పరీక్ష జరిపిరి. స్త్రీలకు మాత్రము పట్టములు 1878 వరకు దక్కలేదు.

ఇందులో గొప్ప న్యాయమున్నది. పగలు కొలువు చేసినవాడని, పేదవాడని, దూరదేశస్థుడని పరీక్షకుడు ఎరుగడు; అతనికి కనబడునది సమాధానపత్రము మాత్రమే. కాని గొప్ప నిర్దయయు నున్నది. ఆ విశ్వవిద్యాలయము బోధింపదు; తూకము వేయును, అంతే. బోధన ఎచ్చటనైన కొనితెచ్చుకొనవలెను, లేదా పుస్తకముతో ఒంటరిగా పోరాడవలెను. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయములు లండను నమూనాననుసరించియే పరీక్షలు జరుపు సంస్థలుగా వెలసినవి. మన యిండ్లలో “ప్రైవేటుగా పరీక్షకు కట్టినాడు” అను మాట తరతరములుగా వినబడుచున్నదిగదా! బడిపంతులు పగలు పాఠము చెప్పి, రాత్రి లాంతరు వెలుగున బి.ఏ.కు చదివిన కథ తెలుగుదేశమున ఎన్ని కుటుంబములలో లేదు? ఆ మాటకు బంధువు 1858 నాటి ఆ శాసనమే.

ఈ రెండు మార్గములలోను నడచి, పిదప మూడవదానికి పునాదివేసిన మనిషి సిడ్నీ వెబ్. ఇతడు 1859లో లండనులో జన్మించెను. తల్లి లెస్టర్ స్క్వేరు సమీపమున క్షౌరశాల నడుపుచుండెను. తండ్రి లెక్కలు వ్రాయువాడు. పదునారేండ్లు నిండీ నిండక మునుపే సిడ్నీ నగరములోని వర్తక కార్యాలయమున గుమాస్తాగా చేరెను. సాయంకాలములు బర్క్‌బెక్ సంస్థలోను, సిటీ ఆఫ్ లండన్ కళాశాలలోను చదివెను. 1878లో ప్రభుత్వోద్యోగపు పరీక్ష నెగ్గి యుద్ధశాఖలో చేరి, మరల పరీక్ష వ్రాసి పన్నులశాఖకు పోయి, 1881లో మరియొక పోటీపరీక్ష నెగ్గి వలసరాజ్యముల శాఖలో ఉన్నతశ్రేణి యుద్యోగి యయ్యెను. కొలువులో నుండగనే 1885లో బారిస్టరయ్యెను. పగలు కొలువు, రాత్రి చదువు అను మాటకు ఇంతకన్న మంచి దృష్టాంతము కానరాదు. ఇట్టివారిని చూపి “నీవును ఇట్లు చేయరాదా” యని పిల్లలను మందలించుట మన పెద్దల యలవాటు. ఆ మందలింపు న్యాయము కాదు. పరీక్షలు వ్రాయుటయందు వెబ్‌కు గల నేర్పు లక్షమందిలో ఒకనికి ఉండునది. తనవంటివారు అరుదని అతనికిని తెలిసియుండవలెను; తరువాత అతడు చేసిన పనులు అట్లు తోపింపజేయుచున్నవి.

1890లో ఆంగ్ల పార్లమెంటు మద్యముపై పన్ను పెంచెను. అందు మిగిలిన సొమ్మును సాంకేతిక విద్యకై వెచ్చించుటకు స్థానిక సభలకు వీలు కలిగెను. ప్రజలు దానికి విస్కీ సొమ్మని పేరు పెట్టిరి. 1892లో లండను నగరసభకు ఎన్నికైన వెబ్ మరుసటి యేట సాంకేతిక విద్యాసంఘమునకు అధ్యక్షుడై, ఆ సొమ్మును రాత్రి పాఠశాలలకును, పాలిటెక్నిక్కులకును మరల్చెను. ఒక వీధిలో రాత్రి త్రాగినవాని పన్నుతో పక్కవీధిలో రాత్రి చదువువానికి దీపము వెలిగినదన్నమాట.

ఇంతలో హచిన్సన్ అను డెర్బీ న్యాయవాది మరణశాసనముద్వారా సుమారు 20 వేల పౌనులు వెబ్ ప్రభృతుల చేతికి వచ్చినవి. దానిలో కొంత ధనముతో 1895లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మొదలయ్యెను. మొదట దానికి సొంత భవనము లేదు. అడెల్ఫీ ప్రాంతమున జాన్ వీధిలోని ఒక ఇంటిలో తరగతులు నడచినవి. పట్టములిచ్చు అధికారమును లేదు. ఉపన్యాసములు చాలవరకు సాయంకాలములందే. ఏలయన, వినువారు పగలు పనిచేయువారు. రైలు నిర్వహణము, బ్యాంకింగు, గణాంకశాస్త్రము, వాణిజ్య న్యాయము వంటి విషయములు చెప్పిరి. 1900లో అది లండను విశ్వవిద్యాలయమునందు చేరి, ఆర్థికశాస్త్ర పట్టమునకు బోధించు స్థానమయ్యెను. నేడు ప్రపంచప్రఖ్యాతమైన ఆ సంస్థ తొలిరోజులలో గుమాస్తాల రాత్రిబడియే యని చెప్పినచో కొందరు నొచ్చుకొందురు గాని, అది నిజము.

మూడవ మార్గము కూడ అచ్చటనే కానవచ్చును. రైలు కంపెనీలు తమ గుమాస్తాలను ఆ తరగతులకు పంపెను. 1907 నుండి యుద్ధశాఖ తన సైన్యాధికారులను సరఫరా, రవాణా, లెక్కలు నేర్చుటకై పంపెను. ఇచ్చట విద్యార్థి తన కాలమును దొంగిలించుకొని రాలేదు. యజమాని ఇచ్చి పంపినాడు. ఈ భేదము చిన్నది కాదు. మన కథ యంతయు దీనిచుట్టును తిరుగుచున్నది.

రాత్రి చదివినవాని పట్టము పగలు చదివినవాని పట్టముతో సమానమగునా? ఇది 20వ శతాబ్ది ఆరంభమున లండనులో పెద్ద వివాదము. ఎనిమిది గంటలు కలము పట్టి అలసిన మెదడు విశ్వవిద్యాలయ ప్రమాణమును అందుకొనలేదని ఒక పక్షము. పరీక్ష ఒక్కటియే అయినప్పుడు సందేహమెందుకని మరియొక పక్షము. హాల్డేన్ ప్రభువు అధ్యక్షతన 1909లో ఏర్పడిన రాజసంఘము 1913లో తుది నివేదిక నిచ్చుచు, సాయంకాల విద్యార్థులకు విశ్వవిద్యాలయమున ఒక ప్రత్యేక కళాశాల ఉండవలెననియు, దానికి బర్క్‌బెక్ తగినదనియు అభిప్రాయపడెను. యుద్ధము అడ్డు వచ్చినది. 1920లో గాని ఆ కార్యము నెరవేరలేదు. పానశాల సభనాటినుండి లెక్కించినచో తొంబదియేడేండ్లు! గుమాస్తా ఓర్పును ఇంతకన్న కొలువనక్కరలేదు.

అమెరికా దేశమున ఇంత విలంబము జరుగలేదు. అచ్చట 1881లోనే ఫిలడెల్ఫియాలో వార్టన్ విద్యాలయము విశ్వవిద్యాలయాంగముగా స్థాపింపబడినది. న్యూయార్కు రాష్ట్రము 1896లో లెక్కల తనిఖీదారులకు పరీక్షయు, లైసెన్సును ఏర్పరచుచు శాసనము చేసెను. శాసనము వచ్చినది గాని పరీక్షకు తయారుచేయు బడి లేదు. ఆ లోటు తీర్చుటకు లెక్కల నిపుణులే పూనుకొని 1900లో న్యూయార్కు విశ్వవిద్యాలయమునందు వాణిజ్య విద్యాలయము తెరపించిరి. మొదటి అధిపతి చార్లెస్ హాస్కిన్స్ స్వయముగా లెక్కల నిపుణుడు. తరగతులు రాత్రివేళ, బోధించువారును, వినువారును పగలు కార్యాలయములలో పనిచేసినవారే.

1908వ సంవత్సరము ప్రత్యేకముగా చెప్పదగినది. ఆ యేట హార్వర్డు విశ్వవిద్యాలయము వ్యాపార విద్యాలయము తెరచి, పట్టభద్రులకు రెండేండ్ల పూర్తికాలపు చదువు పెట్టినది. అదే యేట నార్త్ వెస్టర్న్ విశ్వవిద్యాలయము చికాగోలో వాణిజ్య విద్యాలయము తెరచినది. అది సాయంకాలపు అర్ధకాల విద్య. నష్టము వచ్చినచో తామే భర్తీ చేయుదుమని చికాగో వర్తకులు, లెక్కల నిపుణులు హామీ పడిరి. ఒక బడి “రెండేండ్లు నీ కొలువు మానుకొని రమ్ము” అన్నది. మరియొకటి “నీ కొలువు ముగించుకొని రమ్ము” అన్నది. ఆనాడు ఏ కవలబిడ్డ గొప్పదగునో ఎవరును చెప్పలేకపోయియుందురు. నేడు రెండును జగత్ప్రసిద్ధములు.

ఆ విశ్వవిద్యాలయపు ప్రధాన ప్రాంగణము ఎవాన్‌స్టన్ పట్టణమున సరోవరతీరమున రమ్యముగా నున్నది. అయినను రాత్రిబడిని అచ్చట పెట్టక, చికాగో నగరము నడిబొడ్డున, కార్యాలయముల నడుమ పెట్టిరి. బర్క్‌బెక్ కూడ చాలకాలము చాన్సరీ లేను దాపుననే యుండెను. ఆనాటివారు లెక్క తెలిసినవారు. మనమును ఆ లెక్క వేసి చూతము. వారమునకు మూడు సాయంకాలములు, రోజునకు మూడు గంటలు, యేడాదికి 30 వారములు అనుకొందము: 270 గంటల బోధన. రాకపోకలకు రోజునకు గంటన్నర పట్టినచో 135 గంటలు, అనగా బోధనలో సగము, బస్సులోనే పోవును. గచ్చిబౌలిలో కొలువు, తార్నాకలో తరగతి అయినవానికి గంటన్నర చాలునా? ఉపాధ్యాయుల విద్వత్తు, భవనముల సొంపు విచారించువారు ఈ లెక్కను మరచుచున్నారు.

యజమాని పంపు పద్ధతి అమెరికాలో 1943లో సంపూర్ణరూపము ధరించెను. అనుభవముగల అధికారులకై చికాగో విశ్వవిద్యాలయము ఆ యేట ప్రత్యేకముగా ఎం.బి.ఏ. కోర్సు నెలకొల్పెను. నేడు ఎగ్జిక్యూటివ్ ఎం.బి.ఏ. అను పేర వినబడుచున్నదానికి అది మొదలు. మన హైదరాబాదులో 1956లో ఏర్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి, ఇంగ్లండులోని హెన్లీ కళాశాల నమూనాపై, ఇదే భావముతో వెలసినది. అది పట్టమునకై కాదు. సంస్థలు తమ అధికారులను పంపగా వారు అచ్చటనే నివసించి నేర్చికొనుటకు.

ఇక రేడియో మాట. 1963లో గ్లాస్గో నగరమున ఇచ్చిన ప్రసంగమునందు హెరాల్డ్ విల్సన్ ఆకాశవీధిని నడచు విశ్వవిద్యాలయమొకటి కావలెనని ప్రతిపాదించెను. బర్క్‌బెక్ మొదటి యుపన్యాసములిచ్చిన నగరమే యది! 1969లో దానికి రాజశాసనము లభించెను. పేరు ఓపెన్ యూనివర్సిటీ. 1971 జనవరిలో 20 వేలకు పైగా విద్యార్థులతో చదువు మొదలయ్యెను. చేరుటకు పూర్వార్హత అడుగలేదు. పాఠములు తపాలాలో వచ్చెడివి, బి.బి.సి. రేడియోలోను, టెలివిజనులోను తెల్లవారుజామున, అర్ధరాత్రి వేళల ప్రసారమయ్యెడివి. ఇంటిల్లిపాది నిద్రించుచుండగా ధ్వని తగ్గించుకొని పెట్టె ముందు కూర్చున్నవారి తరమొకటి అచ్చట కలదు. ఆ రాత్రి టెలివిజను పాఠములు 2006 డిసెంబరులో ముగిసినవి.

మన దేశమునకు వత్తము. బొంబాయిలో 1913లో సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాల ఏర్పడినది. 1918లో అందు ఆచార్యుడుగా చేరిన అంబేద్కరు, జీతములో కూడబెట్టిన ధనముతో 1920లో లండను పోయి, సగములో ఆగిన తన చదువును కొనసాగించెను. కొలువే చదువునకు పెట్టుబడి యయ్యెను. ఆయన నెలకొల్పిన విద్యాసంఘము 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను తెరచినప్పుడు, ఉద్యోగము చేయు విద్యార్థులకు అనువుగా ఉదయపు తరగతులు పెట్టిరి. పని ముగిసి అలసిన తరువాత కాక, పనికి ముందే చదువు! ఇది చిన్నమార్పుగా కనబడును గాని, రాత్రి చదివి చూచినవారికి దాని విలువ తెలియును.

తెలుగునాట గుమాస్తా చదువు చాలకాలము టైపు ఇన్‌స్టిట్యూటులోనే నడచినది. లోయరు, హయ్యరు పరీక్షలు, షార్టుహ్యాండు, బుక్‌కీపింగు వీధి మేడలపై సాయంకాలములందు నేర్చి, ప్రభుత్వ సాంకేతిక పరీక్షలకు కట్టెడివారు. 1957లో వాల్తేరున ఆంధ్ర విశ్వవిద్యాలయము ఎం.బి.ఏ. చదువు ప్రారంభించినది, కాని అది కొలువు మానగలవారికి. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము పోస్టుద్వారా విద్య మొదలుపెట్టెను. 1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమున అది మొదటిది. ఇంటర్మీడియెటు లేనివారును అర్హతాపరీక్ష వ్రాసి పట్టమునకు చేరిరి. హైదరాబాదు ఆకాశవాణి దాని పాఠములను ప్రసారము చేసినది. 1991లో దానికి అంబేద్కరు పేరు పెట్టిరి. మొదటి ఉపాధ్యక్షుడైన జి. రామిరెడ్డి తరువాత 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి యుపాధ్యక్షుడయ్యెను. ఆ జాతీయ సంస్థ 1987లో రెండే కోర్సులతో, 4,528 మందితో మొదలైనది. అందొకటి మేనేజిమెంటు డిప్లొమా యగుట గమనింపదగినది.

సమానత్వపు వివాదము మన దేశమున ఇంకను కఠినముగా వచ్చినది. నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయములు తగిన అనుమతి లేకుండ దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు పట్టముల విషయమున 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2001 మొదలు 2005 వరకు చేరినవారి పట్టములు నిలుపబడి, వారు మరల పరీక్ష నెగ్గవలసివచ్చెను. తరువాత చేరినవారి పట్టములు రద్దయినవి. కొలువుచేయుచు చదివి, ఆ పట్టముతో పదోన్నతి పొంది, పదేండ్లు గడచిన పిదప ఈ వార్త విన్నవాని యింట ఆ రాత్రి ఎట్లుండెనో ఊహింపుడు. తప్పు అతనిది కాదు. అయినను నష్టము అతనిదే. 2022 సెప్టెంబరులో విశ్వవిద్యాలయ నిధుల సంఘము, గుర్తింపుపొందిన సంస్థలు దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతులలో ఇచ్చు పట్టములు సాధారణ పట్టములతో సమానమని స్పష్టపరచినది. కాని ఆ వాక్యమున “గుర్తింపుపొందిన” అను విశేషణము నేవరును తేలికగా చదువరాదు. విశ్వవిద్యాలయమునకు గుర్తింపున్నను, ఆ కోర్సునకు, ఆ సంవత్సరమునకు ఉన్నదో లేదో సంఘము ప్రకటించు జాబితాలో చూచుకొనవలెను.

కావున చదువరి చేరబోవునది 1858 నాటి పరీక్షామార్గమా, బర్క్‌బెక్ మార్గమా, యజమాని మార్గమా యని ముందు తేల్చుకొనుట మేలు. ఒంటరిగా పుస్తకముతో కూర్చుండగల స్వభావము లేనివానికి దూరవిద్య చౌకయైనను చివరకు ఖరీదైనదే యగును. పుస్తకముల కట్ట విప్పకుండనే గడువు తీరినవారు మన బంధువులలోనే కానవత్తురు. తోటివారుండిన గాని చదువు సాగనివాడు సాయంకాలపు తరగతి వెదకవలెను, అదియు కార్యాలయమునకు దగ్గరగా. యజమాని రుసుము భరించునెడల, ఎన్నియేండ్లు కొలువు విడువరాదని వ్రాయించుకొనునో ఆ పత్రము సాంతము చదువవలెను. ఇంటి పనియు, బిడ్డల పనియు తనమీదనే యున్న ఉద్యోగినికి సాయంకాలముకన్న సిద్ధార్థ కళాశాలవారి యుదయమే యొదుగునేమో!

మరియొక సంగతి ప్రకటనలలో కానరాదు. తరగతులు సాయంకాలమే యైనను, పరీక్షలు పనిదినములందు పగలే పెట్టు విశ్వవిద్యాలయములు కలవు. ఆ తేదీలు ఏ నెలలో పడునో పాత విద్యార్థిని అడిగి తెలిసికొనవలెను. అవి మార్చిలో పడినచో, బ్యాంకువారికిని, లెక్కలశాఖవారికిని ఆ నెలలో సెలవు దొరకుట ఎంత దుర్లభమో వారికే తెలియును.